తొమ్మిది వారాల కార్యక్రమం పూర్తయ్యాక పరుగు ఆగిపోతోంది, ఎలా కొనసాగించాలి?

చెరువు కట్ట (హనుమకొండ):

అందరికీ నమస్కారం. నా వయస్సు 41 సంవత్సరాలు, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. చిన్నప్పుడు ఖోఖో ఆడటం మానేసిన తరువాత మళ్ళీ పరుగెత్తిన జ్ఞాపకం నాకు లేదు. కిందటి అక్టోబరులో ఫోన్‌లో, పరుగు అలవాటు లేనివారిని మెల్లగా 5 కిలోమీటర్ల పరుగుకు సిద్ధం చేసే ‘కౌచ్ టు 5కె’ యాప్ వేసుకుని, మొదటి వారం చెప్పినట్లే 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడకతో మొదలుపెట్టాను. తొమ్మిది వారాల్లో ముగియవలసిన కార్యక్రమం నడుమ ఒక జ్వరం, రెండు పెళ్ళిళ్ళు రావడంతో నాకు పన్నెండు వారాలు పట్టింది. ఐదో వారం మూడో రోజున నడక లేకుండా ఏకబిగిన 20 నిమిషాలు పరుగెత్తాలని చూసి, ఆ ముందు రాత్రి సరిగా నిద్రపోలేదు. అది పూర్తిచేసి ఇంటికి వచ్చినప్పటి సంతోషం ఇంకా గుర్తుంది. జనవరి సగానికి 30 నిమిషాల పరుగు కూడా పూర్తయింది.

అసలు చిక్కు ఆ తరువాత మొదలైంది. యాప్ అభినందనలు చెప్పి మౌనంగా ఉండిపోయింది. ఇప్పుడు పరుగెత్తండి, ఇప్పుడు నడవండి అని చెప్పే గొంతు లేకపోయేసరికి మొదటి వారం మూడు సార్లు, రెండో వారం రెండు సార్లు, మూడో వారం ఒక్కసారి వెళ్ళాను. ఈ పది రోజుల్లో అసలు వెళ్ళలేదు. అలారం మోగే సమయానికి మెలకువగానే ఉంటాను, బూట్లు తలుపు పక్కనే ఉంటాయి, అయినా లేవను. “కోర్సు అయిపోయిందిగా, ఇంకా ఎందుకు?” అని మావారు సరదాకే అన్నారు గానీ, ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదని అప్పుడే తెలిసింది.

ఇంకో సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. కార్యక్రమం పేరులో 5 కిలోమీటర్లు ఉన్నా, చివరి రోజు 30 నిమిషాల్లో నేను పరుగెత్తింది 3.7 కిలోమీటర్లే. అందుకని అప్పటి నుంచి ఎప్పుడు వెళ్ళినా 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లు అందుకోవాలని వేగంగా బయలుదేరడం, రెండు కిలోమీటర్లకే ఆయాసంతో ఆగిపోవడం, ఓడిపోయినట్లు ఇంటికి రావడం జరుగుతోంది. దీనికితోడు వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఐదున్నరకు ఇంకా చీకటిగానే ఉంటుంది, కుక్కల భయమూ ఉంది. ఈ దశ దాటినవారు ఏమి చేశారో చెప్పగలరా?

నెమ్మది పరుగు (హైదరాబాద్):

నమస్కారం టీచర్ గారూ. ఆరేళ్ళ కిందట నాకూ సరిగ్గా ఇలాగే జరిగింది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా, మీరు సిగ్గుపడుతున్న ఆ 3.7 కిలోమీటర్ల గురించి. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు తన తల్లికి పరుగు అలవాటు చేయాలని ఈ పద్ధతిని రూపొందించాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, మొత్తం 27 పరుగులు. మీ యాప్ కొలిచినది సమయమే గానీ దూరం కాదు. 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకు 6 నిమిషాలు. నలభై దాటాక కొత్తగా మొదలుపెట్టినవారిలో తొలి మూడు నెలల్లో ఆ వేగం అందుకున్నవారిని నేను చాలా తక్కువగా చూశాను. మీ వేగం కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల పైచిలుకు. ఆ వేగంతో 5 కిలోమీటర్లకు దాదాపు 40 నిమిషాలు పడుతుంది, అది కూడా 5 కిలోమీటర్ల పరుగే. కేబీఆర్ పార్కు చుట్టూ ఉదయం పరుగెత్తేవారిలో ఆ వేగంతో వెళ్ళేవారు ఎంతోమంది ఉంటారు.

మీ ఉత్సాహం ఎందుకు పోయిందో మీ ప్రశ్నలోనే ఉందని నాకు అనిపిస్తోంది. ఆ 27 పరుగుల్లో మిమ్మల్ని ఎవరూ పరీక్షించలేదు, చెప్పినంతసేపు కదిలితే ఆ రోజు పని అయిపోయినట్లే. కార్యక్రమం ముగిశాక మీకు మీరే ప్రతి ఉదయాన్నీ పరీక్షగా మార్చుకున్నారు, అదీ ఇప్పట్లో ఉత్తీర్ణులు కాలేని పరీక్షగా. వారానికి మూడు సార్లు తెల్లవారుజామున లేచి తప్పే పరీక్ష రాయమంటే మీ విద్యార్థులు మాత్రం వస్తారా? పక్క మీద నుంచి లేవనిది బద్ధకం వల్ల కాదని నా అభిప్రాయం.

నేను చేసినది చెబుతాను. ఆరు వారాలపాటు దూరం చూడటం మానేశాను, ఫోన్‌లో గంట కొట్టేలా పెట్టుకుని 20 లేక 25 నిమిషాలు మాత్రమే పరుగెత్తాను. మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్ళడం పెద్దపెద్ద శిక్షకులు చెప్పినదే. న్యూజిలాండ్‌కు ఒలింపిక్ విజేతలను అందించిన ఆర్థర్ లిడియార్డ్ కూడా తేలికైన దీర్ఘ పరుగులనే పునాదిగా పెట్టుకున్నాడు. మీరు ఉపాధ్యాయురాలు కనుక ఒక కొలత చెబుతాను: పరుగెత్తుతూ పదమూడో ఎక్కం మెల్లగా పైకి చెప్పుకోండి. ప్రతి వరుసకూ ఊపిరి ఎగబీల్చవలసి వస్తే వేగం తగ్గించాలి. తగ్గిస్తే దాదాపు నడకలా అవుతుందని మొదట్లో అవమానంగా ఉంటుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది.

నడుమ నడవడం కూడా ఓటమి కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు నేర్పినది పరుగు నడుమ నడిచే పద్ధతినే. పది రోజుల విరామంలో మీరు కోల్పోయింది స్వల్పమే. అయితే మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఒక వారం 5 నిమిషాల పరుగు, 1 నిమిషం నడకతో వెళ్ళండి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికి వస్తాయి గానీ, ఎముకలకూ స్నాయువులకూ నెలలు పడుతుంది. ఊపిరి బాగుందని వేగం పెంచినవారు మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి తెచ్చుకోవడం తరచుగా చూస్తుంటాను.

బీచ్ రోడ్డు (విశాఖపట్నం):

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతాను. కొందరికి ముందు ఒక తేదీ కనిపించకపోతే కాలు కదలదు, అందులో నేనూ ఒకడిని. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది, అందులో 10 కిలోమీటర్ల విభాగం ఉంటుంది. ఇప్పుడు ఫిబ్రవరి కనుక ఆరు నెలల సమయం దొరుకుతుంది, మీకు అది ధారాళంగా సరిపోతుంది. అక్కడి దారిలో ఎత్తుపల్లాలు ఎక్కువ, కాబట్టి వారానికి ఒకసారి చిన్న మెట్ట ఉన్న దారి ఎంచుకోండి. ఎత్తులు వద్దనుకుంటే మా ఊళ్ళో ఏడాది చివర్లో వైజాగ్ నేవీ మారథాన్ ఉంటుంది, అందులో 5 కిలోమీటర్లు కూడా పరుగెత్తవచ్చు, సముద్రపు గాలి అదనం. డబ్బు కట్టి పేరు నమోదు చేసుకున్న రోజు నుంచి నేను అలారం మోగకముందే లేచేవాణ్ణి.

పాల పొట్లం (తెనాలి):

బీచ్ రోడ్డు గారి మాటతో నేను ఏకీభవించలేను. మూడేళ్ళ కిందట నేనూ అలాగే ఒక 10 కిలోమీటర్ల పోటీకి పేరిచ్చి, ఎనిమిది వారాలు పళ్ళ బిగువున తిరిగి, పతకం తెచ్చుకున్నాను. ఆ పతకాన్ని బీరువా పిడికి తగిలించిన తరువాత నాలుగు నెలలు బూట్లు ముట్టుకోలేదు. పోటీ అంటే చివరి తేదీ ఉన్న మరో కోర్సు, అది ముగిసిన మర్నాడు టీచర్ గారి వారు అడిగిన ప్రశ్న మళ్ళీ తలుపు దగ్గర నిలబడుతుంది.

నన్ను తిరిగి వీధిలోకి తెచ్చింది, చెబితే నవ్వుతారు గానీ, పాల పొట్లం. మా ఇంటికి ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో పాల బూత్ ఉంది. అంతకుముందు బండి మీద వెళ్ళి తెచ్చేవాణ్ణి. ఒక రోజు బండి పాడై పరుగెత్తుకుంటూ వెళ్ళాను, పాలు సంచిలో వేసుకుని నడుచుకుంటూ వచ్చాను. ఆ రోజు నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో పాలు తేవడం నా కాళ్ళ పని అయింది. పరుగుకు వెళ్ళాలా వద్దా అని ఆలోచించే అవకాశమే లేదు, నేను వెళ్ళకపోతే ఇంట్లో కాఫీ ఉండదు. ఆ కాఫీ కోసం ఎదురు చూసే మా అమ్మ నాకు ఏ యాప్ కన్నా గట్టి శిక్షకురాలు. ఈ పద్ధతిలో నా వేగం ఏమీ పెరగలేదని కూడా ఒప్పుకోవాలి.

శనివారం తొమ్మిది గంటలు (మాంచెస్టర్):

ఇక్కడ ఇంగ్లండ్‌లో ప్రతి శనివారం ఉదయం 9 గంటలకు ఊరూరా పార్కుల్లో ‘పార్క్‌రన్’ పేరుతో 5 కిలోమీటర్ల పరుగు ఉచితంగా జరుగుతుంది. నడిచినా ఎవరూ ఏమీ అనరు, చివర వచ్చేవారి వెనుక ఒక స్వచ్ఛంద కార్యకర్త నడుస్తూ వస్తారు, అంటే మనం ఆఖరివాళ్ళం కావడం వీలుకాదు. 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో ఇది మొదలైనప్పుడు పరుగెత్తినవారు 13 మంది మాత్రమే. మీ ఊళ్ళో ఇటువంటిది లేకపోయినా, ప్రతి ఆదివారం ఒకే చోట, ఒకే సమయానికి, ఇద్దరు వచ్చినా సరే ఆగకుండా మొదలుపెట్టండి. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలోనో భద్రకాళి బండ్ మీదనో నడిచేవారి మధ్య అయితే చీకటి భయం కూడా తగ్గుతుంది. ఎవరు వచ్చారో ఒక పుస్తకంలో రాయండి. మన పేరు ఒకరు రాస్తున్నారంటే రాకుండా ఉండటం కష్టం, హాజరు పట్టీ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

గ్రామ వైద్యురాలు (నల్లగొండ జిల్లా):

ఇంతవరకు అందరూ మనస్సు గురించి రాశారు, నేను రక్తం గురించి అడుగుతాను. పరుగు మాత్రమే కాకుండా, పాఠశాలలో మెట్లు ఎక్కినప్పుడు కూడా ఆయాసం వస్తోందా? మధ్యాహ్నానికి నీరసంగా ఉంటోందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ‘పట్టుదల తగ్గిపోయింది’ అని నా దగ్గర చెప్పుకున్న స్త్రీలలో కొందరికి నిజానికి తగ్గింది హిమోగ్లోబిన్. గర్భిణి కాని స్త్రీకి అది డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తాము. ఒక్కసారి పరీక్ష చేయించుకోండి, వీలైతే ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెర్రిటిన్ పరీక్ష కూడా. ఫలితం చూడకుండా ఐరన్ మాత్రలు సొంతంగా మింగవద్దు.

కుక్కల విషయం: అవి దగ్గరికి వస్తే పరుగు ఆపి నడవాలి, కళ్ళలోకి సూటిగా చూడకూడదు, వీపు చూపించి పరుగెత్తకూడదు. ఒకవేళ కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం పెట్టవద్దు.

మార్చి నుంచి ఎండ ముదురుతుంది. వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. దాన్ని చూసి మళ్ళీ వెనకబడ్డానని అనుకోవద్దు. తల తిరిగినా, ఒళ్ళు గగుర్పొడిచినా వెంటనే ఆపి నీడకు వెళ్ళండి.

చెరువు కట్ట (హనుమకొండ):

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను.

డాక్టర్ గారూ, మీరు అడిగినట్లే మెట్ల దగ్గర ఆయాసం ఉంది, దాన్ని ఇంతకాలం వయస్సు ఖాతాలో వేశాను. హిమోగ్లోబిన్ 10.6 వచ్చింది. ఇక్కడి వైద్యులు మాత్రలు రాసి, వాటికి ముందూ వెనకా గంటసేపు టీ తాగవద్దని చెప్పారు. లేచీ లేవగానే టీ తాగే ఇంట్లో ఇది పరుగు కన్నా కష్టమైన నియమం.

పరుగు విషయానికి వస్తే, ఇప్పటికి ఐదు సార్లు వెళ్ళాను. ఫోన్ గంట కొట్టేవరకే, దూరం చూడలేదు. మొదటి రోజు పదమూడో ఎక్కం ఏడో వరుస దగ్గరే ఊపిరి అందక ఆగిపోయింది, నిన్న పూర్తిగా చెప్పగలిగాను. నాతో వచ్చిన పక్కింటి అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. నాకన్నా చాలా ముందుకు పరుగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చి నాతో కలుస్తుంది, ఎక్కాలు మాత్రం నేనే గట్టిగా చెప్పాలట. కట్ట మీద కుక్కలు రెండు రోజులు మొరిగి, మూడో రోజు నుంచి తలెత్తి చూసి పడుకుంటున్నాయి.

పోటీకి పేరు ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, జూన్‌లో బడులు తెరిచాక ఆలోచిస్తాను. తెనాలి వారికి ఒక చిన్న ప్రశ్న: నడిచి వచ్చేటప్పుడు పాల పొట్లాలు సంచిలో ఊగి పగలకుండా ఎలా పట్టుకుంటారు? మావారు నిన్న అడిగారు, రేపటి నుంచి పాలకు తాను కూడా వస్తానంటున్నారు.

పాల పొట్లం (తెనాలి):

వీపుకు తగిలించుకునే పిల్లల స్కూల్ బ్యాగు వాడండి. పొట్లాలను పాత తువ్వాలులో చుట్టి అడుగున పెట్టి, వీపుకు ఆనేలా పట్టీలు బిగించండి. రెండు లీటర్లు దాటితే మాత్రం బండి మీదే తెచ్చుకోండి.