బీఎఫ్ఏ (బొమ్మల డిగ్రీ) చెయ్యకుండా పిల్లల పుస్తకాలకి బొమ్మలేసేవాళ్ళు ఉన్నారా ఇక్కడ?

కుంచె_గీత: నేను బీకాం, నరసరావుపేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తా, రాత్రిళ్ళు బొమ్మలేస్తా. పిల్లల పుస్తకాలకి వెయ్యాలని ఉంది. ఇంట్లోనేమో సర్టిఫికెట్ లేనిదే ఎవరిస్తారే పని అంటున్నారు. ఉద్యోగం మానేసి నాలుగేళ్ళు చదవడం ఇప్పుడు కుదరదు. అలా చదవకుండా వచ్చినవాళ్ళు ఎలా మొదలెట్టారో చెప్పండి ప్లీజ్

నల్లసిరా: బాపు గారు చదివింది లా అండీ. కార్టూనిస్ట్ ఆర్కే లక్ష్మణ్‌కి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్ వాళ్ళు సీటే ఇవ్వలేదు. ఇంట్లో ఈ రెండూ చెప్పండి చాలు

ఓరుగల్లు_పోరడు: అన్నా అట్ల చెప్తే ఇంట్లోల్లు నువ్వేమన్న బాపువా అంటరు హహ. గెలిచినోల్ల ముచ్చట్లే మనదాక వస్తయి. నేను బీటెక్ చదివి హైదరాబాద్ల యాడ్స్‌కి స్టోరీబోర్డులు (షూటింగ్‌కి ముందు సీన్ల బొమ్మలు) గీస్తున్న, ఒక్కలు గూడ డిగ్రీ అడగలే, పాత ఫ్రేములు చూపియ్, రేపు పొద్దుగాలకల్లా ఇస్తవా, గంతే. కానీ పని నెలనెలా రాదు, గీత గారూ ఉద్యోగం మాత్రం ఇడ్వకున్రి

డ్రాయింగ్_మాస్టారు: కాగితం తప్పనిసరి అయ్యేది స్కూల్లో డ్రాయింగ్ టీచర్ పోస్టుకి. దానికీ బీఎఫ్ఏ ఒక్కటే దారి కాదమ్మా, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ (టీచర్ ట్రైనింగ్) చేసి వచ్చినవాళ్ళం బోలెడుమందిమి ఉన్నాం.

మాసాబ్‌ట్యాంక్_అక్క: నేను బీఎఫ్ఏ చేశా, దాన్ని మరీ తీసిపారెయ్యకండి. మనిషిని ఎదురుగా కూచోబెట్టి గంటలు గంటలు గీయించేవాళ్ళు, ఇంట్లో నేర్చుకునేవాళ్ళకి తక్కువయ్యేది అదే. శాంపిల్స్ చూస్తే తెలిసిపోతుంది, మొహాలు బ్రహ్మాండంగా ఉంటాయి, చేతులు మాత్రం వెనక్కి దాచేస్తారు. బస్టాండ్‌లో కూచుని గీయండి, ఫీజు లేదు. ఇంకోటి, పిల్లల పుస్తకానికి ఒక్క మంచి బొమ్మ సరిపోదు, మొదటి పేజీలో పాప చివరి పేజీలో కూడా అదే పాప అనిపించాలి, వెనకనుంచి చూసినా ఏడుస్తున్నా పడుకున్నా. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఫ్రీగా ఉంటాయి, లైసెన్స్ ఓపెన్, రచయిత పేరు వేసి వాడుకోవచ్చు. ఒక కథకి మీ బొమ్మలేసి వాటినే శాంపిల్‌గా పబ్లిషర్లకి పంపండి

లాపాయింటు: పని వచ్చాక అగ్రిమెంట్ చదవండి మేడం. డిగ్రీ ఉన్నా లేకున్నా మీ అంతట మీరు గీసిన బొమ్మకి కాపీరైట్ మీదే, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మైతే, వేరేగా రాసుకోకపోతే వేయించుకున్నవాళ్ళది కావచ్చు, అందుకే కాపీరైట్ మీదేనని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. మీ కాపీరైట్‌ని ఇంకొకరికి రాసిచ్చేటప్పుడు సంతకంతో కాగితం ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళు, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. అందుకే కొందరు శాశ్వతంగా, ప్రపంచమంతా అని ముందే టైపు కొట్టించి పంపుతారు, అలా ఉంటే రేటు పెంచి అడగండి. 10% టీడీఎస్ కోస్తే కంగారొద్దు, రిటర్న్ వేసుకోండి

కుంచె_గీత: టీడీఎస్ సంగతి నాకొదిలెయ్యండి సార్, అదే నా ఉద్యోగం. అక్కా, స్టోరీవీవర్‌లో కథ వెతుకుతున్నా, పుస్తకం మొత్తం వేసి పంపాలా?

మాసాబ్‌ట్యాంక్_అక్క: వద్దు, మూడు పేజీలు రంగులతో పూర్తిగా, మిగతావి పెన్సిల్ రఫ్‌లు చాలు. ఒక పేజీలో జనం ఉండేలా చూసుకోండి, సంతో బడో. పీడీఎఫ్ మాత్రం తేలిగ్గా ఉండాలి, ఫైలు తెరుచుకోకపోతే మళ్ళీ పంపమని ఎవరూ అడగరు