అప్‌డేట్: స్పానిష్ రాయడం కాస్త గాడిన పడింది

స్పానిష్ చదివితే అర్థమవుతోంది, రాయమంటే మాత్రం నాలుగు వాక్యాలకే ఆగిపోతున్నాను, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనిచేసింది ఒకటే: చిన్న వార్త చదివి, పక్కన పెట్టేసి, గుర్తున్నంతవరకు సొంతంగా రాసి, తర్వాత అసలుతో పోల్చుకోవడం. ఎక్కడ తేడా కొడుతోందో మనకే కనిపిస్తుంది. నాకైతే ఎక్కువగా భూతకాలాల దగ్గరే. జరిగి ముగిసిన పనికి ప్రెటెరిట్, అప్పట్లో అలవాటుగా జరిగినదానికీ నేపథ్య వర్ణనకీ ఇంపర్ఫెక్ట్. ఖాళీలు పూరించేటప్పుడు తేలికే; కథ చెప్పేటప్పుడు రెండూ ఒకే వాక్యంలో వచ్చిపడతాయి. అందుకే ముందు సంఘటనలు మాత్రమే రాసి, వాతావరణం, మనుషుల తీరు రెండో విడతలో చేరుస్తున్నాను.

రోజూ డైరీ రాయమన్న సలహా నాకు నప్పలేదు. దిద్దేవాళ్ళు లేకపోతే తెలిసిన పదాలనే తిప్పి తిప్పి రాసినట్టవుతోంది. యాక్సెంట్ గుర్తులకూ, తలకిందుల ప్రశ్నార్థకానికీ ఫోన్‌లో స్పానిష్ కీబోర్డ్ పెట్టుకుంటే సరి.

డెలే బీ2 (స్పానిష్ ప్రావీణ్య పరీక్షలో బీ2 స్థాయి) గురించి అడిగినవారికి: రాత విభాగం 80 నిమిషాలు, రెండు టాస్కులు, ఒక్కోటి 150-180 పదాలు. మొదటిది ఆడియో విని ఉత్తరం రాయడం, కాబట్టి వింటూ నోట్స్ రాసుకోవడం కూడా సాధన చేయాలి. సబ్జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పేటప్పుడు వాడే క్రియారూపం) సంగతి ఇంకా తేలలేదు, దానికి వేరే ప్రశ్న వేస్తాను.