అప్‌డేట్: పాత సెటిల్‌మెంట్ ఉన్నా గృహ రుణం మంజూరైంది

ఒంగోలులోని ఇల్లు అమ్మి నెల్లూరు వేదాయపాళెంలో కొనుక్కోవాలనుకుంటే, నాన్నగారి వైద్యం రోజుల నాటి క్రెడిట్ కార్డు సెటిల్‌మెంట్‌ను (బకాయిలో కొంతే కట్టి, మిగతాది మాఫీ చేయించుకోవడం) చూపి బ్యాంకు రుణం నిరాకరించిందని ఇదివరకు ఇక్కడ రాశాను. మీరు సూచించినట్టే, అప్పట్లో మాఫీ చేసిన మొత్తాన్ని కూడా చెల్లించి, నో డ్యూస్ సర్టిఫికెట్ (బకాయి ఏమీ లేదన్న పత్రం) తీసుకుని, సిబిల్ నివేదికలో (మన రుణ చరిత్రను చూపే నివేదిక) ‘సెటిల్డ్’ అని ఉన్నచోట ‘క్లోజ్డ్’ అని మార్పించాను. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనను అర్జీలో ప్రస్తావించడం చాలా ఉపకరించిందని నా నమ్మకం.

క్రెడిట్ స్కోరు వెంటనే పెరగలేదు. అయినా, ఉపాధ్యాయురాలైన నా భార్య సహ దరఖాస్తుదారుగా చేరడంతో మరో బ్యాంకు అంగీకరించింది. వడ్డీ కాస్త ఎక్కువే. కానీ ఫ్లోటింగ్ రేటు (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) కనుక ముందుగా తీర్చినా జరిమానా ఉండదు. రిజిస్ట్రేషన్ వచ్చే నెలలో. మీ అందరికీ మా కుటుంబం కృతజ్ఞతలు.