కాన్సెప్ట్ సెడాన్ల గాలి డిజైన్ మన రోడ్ల మీద పెట్రోలు మిగులుస్తుందా?

హన్మకొండ సెడాన్:
2015లో ఫ్రాంక్‌ఫర్ట్ కార్ల షోలో మెర్సిడెస్ పెట్టిన కాన్సెప్ట్ ఐఏఏ (అమ్మడానికి కాదు, కొత్త ఆలోచనలు చూపించడానికి చేసిన నమూనా కారు) వీడియో నిన్న మా తమ్ముడు పంపితే మళ్లీ చూశాను. స్పీడు 80 దాటగానే వెనక అంచు చుట్టూ ఉన్న ఎనిమిది ముక్కలు బయటికి జరిగి కారు తోక 39 సెంటీమీటర్లు పెరుగుతుంది. రిమ్ముల గిన్నె లోతు 55 మిల్లీమీటర్ల నుంచి సున్నాకి వచ్చి చక్రం పళ్లెంలా చదునైపోతుంది. డ్రాగ్ లెక్క, అంటే కారు ఆకారానికి గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, 0.25 నుంచి 0.19కి దిగుతుందట. చూడ్డానికి అద్భుతం, ఒప్పుకుంటా. కానీ పదేళ్లు దాటింది, ఆ తోక ఏ షోరూముకీ రాలేదు. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా నేను 80లో ఎప్పుడు పోయాను? ఆ డబ్బంతా పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్ మీద పెడితే మనలాంటి వాళ్లకు నాలుగు చుక్కలు మిగులుతాయి. ఈ గాలి డిజైన్ మనకు పనికిరాదన్నదే నా మాట.

ములుగు రోడ్ షెడ్:
తమ్ముడూ, టౌన్ లెక్కతో హైవేని కొట్టేయకు. గాలి ఆపే బలం స్పీడుతో పాటు సమానంగా పెరగదు, స్పీడు రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. 80 నుంచి 110కి పోయినా దాదాపు రెట్టింపే. ఇక ఆ తోక ఎందుకంటావా, ఇసుక లారీ వెనక బైక్ మీద ఎప్పుడైనా పోయావా? దుమ్ము, కాగితం ముక్కలు లారీ డోరు వెనకే గిరగిరా తిరుగుతూ లారీతోపాటే వస్తుంటాయి, మన బైకుని కూడా లోపలికి గుంజినట్టుంటుంది. బాడీ అక్కడ ఒక్కసారిగా తెగిపోవడంతో గాలి కలవలేక సుడి పడుతుంది, ఒత్తిడి తగ్గి అది బండిని వెనక్కి లాగుతుంది. ఆ సుడిని లాక్కుపోవడానికి కూడా మనమే డీజిల్ పోస్తున్నాం. తోక సన్నగా సాగితే గాలి మెల్లగా కలుస్తుంది, సుడి చిన్నదవుతుంది. 0.25 నుంచి 0.19 అంటే గాలి అడ్డు దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు. ఇంజిన్ ముట్టుకోకుండా అంత సాధించడం చిన్న పని కాదు.

జనగామ ట్యాక్సీ:
అన్న చెప్పింది నేను కళ్లారా చూశాను. మేడారం జాతరకి సామాన్ల కోసం నా సెడాన్ మీద క్యారియర్ బిగించాను, తర్వాత బద్ధకించి నెలన్నర తీయలేదు. ఉప్పల్ ట్రిప్పుల్లో మైలేజీ పడిపోతుంటే ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు పాడయ్యాయేమోనని ఒకటే టెన్షన్. క్యారియర్ తీసేసి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ లెక్క చూస్తే మళ్లీ పాత మైలేజీ వచ్చింది. నాలుగు ఇనుప కడ్డీలే అంత తింటే, మొత్తం బాడీ ఆకారం ఎంత తింటుందో మీరే ఆలోచించండి. హన్మకొండ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అందులో భువనగిరి దాటేవరకు ఎక్కువగా హైవే స్పీడే.

హన్మకొండ సెడాన్:
హైవే సంగతి ఒప్పుకుంటున్నా అన్నా. కానీ ఆ జరిగే ముక్కల సందుల్లో మన గ్రానైట్ దుమ్ము పడితే? వెనక నుంచి ఆటో తగిలితే? మామూలు బంపర్‌కే రోజుల తరబడి తిరగాల్సి వస్తోంది. ముందు భాగం అంత కిందికి ఉంటే మా గల్లీ స్పీడ్ బ్రేకర్‌కి రోజూ గీసుకుంటుంది. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్ చూడండి, అప్పుడు కంపెనీ చెప్పిన లెక్క లీటరుకి 26.5 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో ఎక్కువసేపు మోటారే బండిని లాగుతుంది, బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది. రోజూ ఊర్లో తిరిగేవాడికి అది కదా కావలసింది.

ములుగు రోడ్ షెడ్:
ఊర్లో హైబ్రిడ్డే మేలు, అందులో నాకు పేచీ లేదు. నువ్వు పనికిరాదన్నావు చూడు, దానితోనే నా గొడవ. కాన్సెప్ట్ కారు ఉన్నదున్నట్టు రోడ్డెక్కదు, అందులో నేర్చుకున్నది ఎక్కుతుంది. అదే కంపెనీ 2021లో ఈక్యూఎస్ అనే కరెంటు సెడాన్ని 0.20 డ్రాగ్‌తో తెచ్చింది, జరిగే తోక లేకుండానే. అది కోటి దాటిన కారు, నిజమే. కానీ గాలికి తగ్గట్టు మలిచిన అద్దాల అంచులు, డిక్కీ చివర చిన్న పెదవి, బండి కింద చదును షీట్లు ఇప్పుడు మామూలు కార్లకీ వస్తున్నాయి. రోజూ లిఫ్ట్ ఎక్కించి కింద చూసేవాణ్ని, నాకు తెలుసు.

జనగామ ట్యాక్సీ:
అన్నా, కింద షీట్లంటే గుర్తొచ్చింది. పోయిన సర్వీసులో నా బండి ఇంజిన్ కింద నల్ల ప్లాస్టిక్ షీటు విప్పి మళ్లీ పెట్టలేదు, అడిగితే అది లేకపోయినా ఏం కాదన్నారు. దానికీ మైలేజీకీ సంబంధం ఉంటుందా?

ములుగు రోడ్ షెడ్:
మైలేజీకి కొద్దిగా ఉంటుంది, అంతకన్నా ముందు బురద, రాళ్లు ఇంజిన్‌కి తగలకుండా ఆపేది అదే. వానలు మొదలయ్యేలోపు పెట్టించు. క్లిప్పులు కూడా కొత్తవే అడుగు, పాతవి విప్పేటప్పుడే విరిగి ఉంటాయి.