ఎల్‌ఎల్‌బీ మొదటి సెమిస్టర్‌కు సీనియర్ల నోట్సు సరిపోతుందా?

చిత్తూరు కొత్త బ్యాచ్:
తిరుపతిలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరినా. కాంట్రాక్ట్స్, ఫ్యామిలీ లా, టార్ట్స్ (ఒప్పందం లేకపోయినా ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే లా), కాన్‌స్టిట్యూషన్ ఉండాయి. సీనియర్ల జిరాక్స్ నోట్సు కట్ట తక్కువకే వస్తాంది. రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చిపోవల్ల, లావు పుస్తకాలు మోయలేను. దేనికి డబ్బులు పెట్టొచ్చన్నా?

బాలాజీ కాలనీ:
తమ్ముడూ, కొనేముందు ఆ కట్టలో ఫ్యామిలీ లా తీసి చూడు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6 దగ్గర "కూతురికి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటా రావాలంటే 2005 సెప్టెంబర్ 9 (సవరణ అమలైన రోజు) నాటికి తండ్రి బతికుండాలి" అని ఉంటే కట్ట అక్కడే పెట్టేసి రా. అది 2015లో ఫూలవతి కేసులో చెప్పిన మాట. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. వాటా పుట్టుకతోనే వస్తుంది, తండ్రి ఉన్నాడా లేడా అన్న లెక్కే లేదు. ప్రాబ్లమ్ ప్రశ్న (కల్పిత కేసు ఇచ్చి తేల్చమనేది) ఇచ్చేవాళ్లకు ఇట్లాంటి తేదీలంటే మహా ఇష్టం. అసలు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు సెక్షన్ 29-ఏ కింద వాటా ఉంది. ఆ ముక్క లేని గైడు మనకు సగం గైడే.

సెక్షన్ పది:
కాంట్రాక్ట్స్‌కు బేర్ యాక్ట్ (వివరణలేవీ లేకుండా చట్టం ఒక్కటే ఉండే పుస్తకం) కొనండి, సన్నగా ఉంటుంది, బస్సులో చదువుకోవచ్చు. ముందు 1 నుంచి 75 సెక్షన్లు. తర్వాత 76 నుంచి 123 దాకా కనబడకపోతే పేజీలు చిరిగాయనుకోకండి, 1930లో సరుకుల అమ్మకానికి వేరే చట్టం వచ్చి అవి పోయాయి. సెక్షన్ల కింది ఉదాహరణలు వదలొద్దు, పేర్లు మార్చి వాటినే పరీక్షలో అడుగుతుంటారు. అయితే బేర్ యాక్ట్ ఒక్కటే చాలదు. మైనరు ఒప్పందం మొదటినుంచీ చెల్లదని సెక్షన్ 11లో ఎక్కడా రాసిలేదు. ఆ మాట 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) చెప్పింది.

చిత్తూరు కొత్త బ్యాచ్:
మరి టార్ట్స్‌కు ఏ బేర్ యాక్ట్ అన్నా?

సెక్షన్ పది:
లేదు. టార్ట్స్‌కంటూ మనకు ఒక చట్టమే లేదు, అంతా కేసులే. మంచి టెక్స్ట్‌బుక్ ఒకటి లైబ్రరీలో తీసుకుని, కేసుకు ఒక పేజీ మీరే రాసుకోండి: సంగతి మూడు లైన్లు, కోర్టు ముందున్న ప్రశ్న, తీర్పు, కారణం. ఎక్కువమంది సంగతి రెండు పేజీలు రాసి కారణం దగ్గర చెయ్యి ఆపేస్తారు, మార్కులు పోయేది అక్కడే. ప్రమాదకరమైనది తెచ్చిపెట్టుకుంటే, తప్పు లేకపోయినా నష్టానికి బాధ్యతే అన్న ఇంగ్లండు కేసు రైలాండ్స్ (1868) పక్కన ఓలియం గ్యాస్ లీకు మీద ఎం.సి. మెహతా కేసు పెట్టి చూడండి. మొదటిదానిలో బాధ్యత నుంచి తప్పించుకునే మినహాయింపులు ఉన్నాయి, రెండోదానిలో లేవు. ఆ తేడా ఒక్క వాక్యంలో రాయగలిగితే ఆ పేజీ పనికొచ్చినట్టే.

బాలాజీ కాలనీ:
క్రిమినల్ లాకు ఇప్పుడే పాత ఐపీసీ పుస్తకం చవగ్గా వస్తోందని కొనొద్దు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. హత్యకు శిక్ష 302 కాదు, 103. తీర్పులు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితం, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి.