లాంగ్‌నెక్‌ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా ఇంట్లో ఒక పేచీ నడుస్తోంది, గ్రూపులో పెడితే తేలుతుందేమోనని పెడుతున్నా.

మా అమ్మాయికి ఏడేళ్లు. ‘ది ల్యాండ్ బిఫోర్ టైమ్’ పిచ్చి పట్టింది. 1988లో వచ్చిన డైనోసార్ల బొమ్మల సినిమా, దాని వెనకాల పదమూడు భాగాలు, 2007-08లో 26 ఎపిసోడ్ల టీవీ సీరీస్. చూసిందంతా వాళ్ల నానమ్మకు చెప్పాలి. ఆవిడకు ఇంగ్లీషు రాదు. పేర్ల దగ్గర కథ ఆగిపోతోంది.

ఈ కథలో పాత్రలు ఒకరినొకరు ట్రైసెరటాప్స్, స్టెగోసారస్ అని పిలుచుకోవు. పిలుచుకోవు మరి, వాటికి గ్రీకు ఎక్కడిది! మెడ పొడుగ్గా ఉంటే లాంగ్‌నెక్, మూడు కొమ్ములుంటే త్రీహార్న్, తోకకు ముళ్లుంటే స్పైక్‌టెయిల్, రెక్కలుంటే ఫ్లయర్. మాంసం తినేవన్నీ షార్ప్‌టూత్‌లే. సూర్యుడు ‘బ్రైట్ సర్కిల్’, చంద్రుడు ‘నైట్ సర్కిల్’, కల వస్తే ‘స్లీప్ స్టోరీ’. చుక్కలా ఉండే ఆకు ‘ట్రీ స్టార్’. ఇంకో తమాషా, షార్ప్‌టూత్‌లది వేరే భాష. చాంపర్ అనే పిల్ల షార్ప్‌టూత్ ఆకులు తినేవాళ్ల భాష నేర్చుకుని దుబాసీ పని చేస్తుంది.

పాప లాంగ్‌నెక్‌ని ‘మెడపొడుగుది’ అంటోంది. నేను ‘దీర్ఘగ్రీవం’ అన్నాను. నానమ్మ ఇద్దరినీ చూసి నవ్వి ఊరుకుంది. మీరేమంటారు?

—

దీర్ఘగ్రీవం వద్దండీ, పాపం ఆ పిల్ల మెడ విరుగుతుంది. మనకు ‘నిడు’ ఉండగా సంస్కృతం దాకా ఎందుకు? నిడు అంటే పొడుగు. నిడు, ఊర్పు కలిస్తే నిట్టూర్పు. కాబట్టి నిడుమెడ.

త్రీహార్న్‌కైతే ముక్కొమ్ము. సమాసంలో మూడు ‘ము’ అయి, పక్క హల్లు ఒత్తు తెచ్చుకుంటుంది: ముజ్జగాలు, ముమ్మారు, ముక్కాలిపీట. మూడు కన్నులవాడు ముక్కంటి అయినప్పుడు మూడు కొమ్ములది ముక్కొమ్ము ఎందుకు కాకూడదు? బహువ్రీహికి ఇంతకంటే మంచి ఉదాహరణ బడిలో కూడా చెప్పి ఉండరు. అన్నట్టు ట్రైసెరటాప్స్ అన్నా గ్రీకులో ‘మూడు కొమ్ముల ముఖం’ అనే. కార్టూన్‌వాళ్లు పిల్లల కోసం పేరు తేలిక చేశారనుకుంటాం గానీ, చేసిందల్లా గ్రీకు విప్పి చూపించడమే.

—

ముక్కొమ్ము వింటే ముక్కు మీద కొమ్ము అనుకుంటారండీ!

—

అనుకోనివ్వండి, తప్పేం లేదు. మూడింట్లో ఒకటి ముక్కు మీదే ఉంటుంది దానికి. మిగతా రెండూ కళ్ల పైన.

—

పైవాళ్ల సమాసాలు బాగున్నాయి కానీ అసలు గొడవ ‘రాక్షసబల్లి’తో. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త గ్రీకు మాటలు రెండు కలిపి డైనోసార్ అన్నాడు, మనవాళ్లు దాన్ని మాటకు మాట దించేశారు. అందులో సౌరోస్ అంటే గ్రీకులకు బల్లి జాతి మొత్తం. మనకు బల్లి అంటే ట్యూబ్‌లైటు పక్కన పురుగు కోసం కాచుకుని ఉండేది, మీద పడితే పంచాంగం తీయించేది. మన భాషలో తొండ వేరు, ఉడుము వేరు, ఊసరవెల్లి వేరు. కనీసం రాక్షస ఉడుము అన్నా ఆకారానికి నప్పేది. పైగా డైనోసార్లు బల్లులే కావు, పక్షులకు దగ్గరి చుట్టాలు. నా ఓటు డైనోసార్‌కే, మాట ఎప్పుడో మనదైపోయింది.

—

బల్లి సంగతి ఒప్పుకుంటాను. ‘రాక్షస’ను మాత్రం వదులుకోను. భూమిలోంచి తవ్విన బొగ్గును మన పెద్దలు రాక్షసిబొగ్గు అన్నారు. తెలంగాణలో పెద్ద పెద్ద బండలతో కట్టిన ఆ పాతకాలపు సమాధుల్ని ఊళ్లో రాక్షసగుళ్లు అంటారు. అంటే మన నోట రాక్షసుడు ఎప్పుడూ చెడ్డవాడే కానక్కర్లేదు. మనకంటే ముందుది, మన కొలతకు అందనిది అని చెప్పడానికీ ఆ మాటే వాడుకున్నాం. ఓవెన్ కూడా ‘భయం గొలిపేంత పెద్దది’ అనే అర్థంలోనే అన్నాడు. రాక్షసిబొగ్గు దొరికే గోదావరి లోయలోనే రాక్షసబల్లి ఎముకలూ దొరకడం నాకైతే భలే ముచ్చటగా ఉంటుంది.

—

గోదావరి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన నిడుమెడకు (పేరు ఖాయమైపోయినట్టేగా?) 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అందులో గ్రీకు సగమే. ‘బొడొ పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, మనిషంత పొడుగు. కలకత్తా శాస్త్రవేత్తలు దాన్ని చూసి ‘పెద్దకాలు’ అనేశారు, పక్కన రవీంద్రుడి పేరు చేర్చారు. కార్టూన్ పిల్లలు చేసే పనే ఇది.

మన వంతు 1988లో వచ్చింది, ఆ సినిమా వచ్చిన ఏడే. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. కోట అనేది ఆ రాతిపొరల పేరు, యామన్‌పల్లి ఊరు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. పాపను తీసుకెళ్లండి.

—

స్పైక్‌టెయిల్‌ని మర్చిపోయారు. ముళ్లతోక అనొచ్చు, గొడవ లేదు. ఆ పేరు వెనక సంగతే బాగుంటుంది. స్టెగోసారస్ అంటే ‘ఇంటికప్పు బల్లి’. 1877లో పేరు పెట్టిన మార్ష్ అనే అమెరికా శాస్త్రవేత్త, వీపు మీది పలకలు పెంకుల్లా పరుచుకుని ఉంటాయనుకున్నాడు. తర్వాత చూస్తే అవి నిలబడి ఉండేవి. పెంకుటిల్లు పోయినా పేరు ఉండిపోయింది. ఆ తోక ముళ్లకేమో పేరే లేదు. 1982లో గ్యారీ లార్సన్ అనే కార్టూనిస్టు సరదాకి ‘థాగొమైజర్’ అంటే, శాస్త్రవేత్తలు అదే వాడుకుంటున్నారు.

—

అందరికీ థాంక్స్. నిడుమెడ, ముక్కొమ్ము, ముళ్లతోక రాత్రే ఇంట్లో అమల్లోకి వచ్చేశాయి. షార్ప్‌టూత్‌కి నేను వాడికోర అన్నాను, పాప ఒప్పుకుంది. బ్రైట్ సర్కిల్ దగ్గర మాత్రం నన్నెవరూ అడగలేదు. నానమ్మే ‘వేవెలుగు’ అంది. అంటే వెయ్యి వెలుగులవాడు. మరి నైట్ సర్కిల్ అంటే ‘చలివెలుగు’ అంది. ఈ రెండూ ఆవిడకు పద్యాల్లోంచి వచ్చినవి, పాపకేమో డైనోసార్ల భాషలా వినిపించాయి. ఇప్పుడు మిగిలింది ట్రీ స్టార్. ‘చుక్కాకు’ అంటే చుక్కకూర అనుకుని వంటింట్లోకి వెళ్లింది ఆవిడ. ఇంకేమైనా ఉంటే చెప్పండి.