రోజువారీ వాడకానికి ఏ లైనక్స్ పెట్టుకోవాలి? వాడినవాళ్ళు చెప్పండి

పాతల్యాప్‌టాప్:
విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, నా మెషీన్‌లో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదు కాబట్టి 11 ఎక్కట్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అంతా బానే ఉంది, పారేయబుద్ధి కావట్లేదు. బ్రౌజర్, వీడియోలు, అప్పుడప్పుడు డాక్యుమెంట్లు, ప్రింట్లు, స్కాన్లు, నా పని అంతే. ఎవర్ని అడిగినా వాళ్ళు వాడేదే గొప్పంటున్నారు. మీరైతే ఏది పెడతారు, ఎందుకు?

టెర్మినల్‌తాత:
మింట్ సినమన్ (మింట్ అనే లైనక్స్, సినమన్ అనే డెస్క్‌టాప్‌తో) పెట్టేయండి, ఆలోచించకండి. 22 సిరీస్ అంతా ఉబుంటు అనే ఇంకో లైనక్స్ 24.04 వెర్షన్ మీద కట్టిందే, 2029 దాకా అప్‌డేట్స్ వస్తాయి. మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది కాబట్టి విండోస్ నుంచి వచ్చినవాళ్ళు తడుముకోరు. ఎక్కించగానే టైమ్‌షిఫ్ట్ సెట్ చేసుకోండి, అప్‌డేట్ ఏదైనా తేడా కొడితే పాత స్థితికి వెళ్ళిపోవచ్చు. కాకపోతే అది సిస్టమ్ వరకే, మామూలుగా హోమ్ ఫోల్డర్ జోలికి పోదు, మీ ఫొటోలకి బ్యాకప్ విడిగా పెట్టుకోవాల్సిందే.

నీలిటోపీ:
నేను ఫెడోరా (ఇదీ ఒక లైనక్సే) మనిషిని, అయినా మీకు చెప్పను :) ఆరు నెలలకో రిలీజ్, ఒక్కోదానికి సుమారు 13 నెలలే సపోర్ట్, అంటే ఏడాదికోసారైనా అప్‌గ్రేడ్ తప్పదు. పైగా పేటెంట్ల గొడవ వల్ల కొన్ని వీడియో కోడెక్స్ (వీడియోలు ప్లే చేయడానికి కావాల్సినవి) అందులో రావు, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల చోటు నుంచి తెచ్చుకోవాలి. కొత్త హార్డ్‌వేర్‌కి తాజా కర్నెల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) వల్ల లాభం గానీ పాత మెషీన్‌కి ఆ లాభం పెద్దగా ఉండదు.

బూట్‌లూప్:
అందరూ డిస్ట్రో డిస్ట్రో (మింట్, ఫెడోరా లాంటి లైనక్స్ రకం) అని కొట్టుకుంటారు గానీ రోజూ కంటికి కనపడేది డెస్క్‌టాపే (మెనూలు, కిటికీలు; కేడీఈ, గ్నోమ్, సినమన్, ఎక్స్ఎఫ్‌సీఈ ఇలాంటివే) కదండీ. కుబుంటులో కేడీఈ, డెబియన్‌లో కేడీఈ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం, అదే ఉబుంటు గ్నోమ్ నుంచి మింట్ సినమన్‌కి వెళ్తే లోపల చాలావరకు అవే ప్యాకేజీలైనా వేరే లోకంలా ఉంటుంది. అందుకే ముందు డెస్క్‌టాప్ తేల్చుకోండి, తర్వాత ఎన్నాళ్ళకోసారి అప్‌గ్రేడ్ చేసే ఓపిక ఉందో చూసుకోండి, ఆ రెండూ తేలితే మిగిలేది ఒకటో రెండో. ఎక్స్ఎఫ్‌సీఈ తేలిక అని ఎవరైనా అంటే నిజమే, కానీ డెస్క్‌టాప్ తేలికైనంత మాత్రాన బ్రౌజర్ తేలికవదు, ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే ర్యామ్ ఎక్కడైనా అంతే తింటుంది. 8 జీబీకి సినమన్ హాయిగా నడుస్తుంది.

రోలింగ్‌రాజు:
ఆర్చ్ లైనక్స్ (అన్నీ మనమే చదివి సెట్ చేసుకోవాల్సింది) పేరు ఎవరూ ఎత్తలేదేంటి?

టెర్మినల్‌తాత:
ఆయన ప్రింట్ తీసుకుంటానన్నాడు బాబూ, వికీ చదువుతాననలేదు. (ఆర్చ్ వికీ మాత్రం ఏ డిస్ట్రో వాడేవాళ్ళకైనా పనికొస్తుంది, అది ఒప్పుకుంటా)

నిశ్శబ్దరీడర్:
ఎవరి మాటా వినొద్దు, లైవ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి) పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్ మీద వెంటాయ్ అనే టూల్ ఎక్కించి అందులో నాలుగు ఐఎస్‌ఓలు (లైనక్స్ ఇన్‌స్టాల్ ఫైళ్ళు) కాపీ చేసుకుంటే చాలు, బూట్ అయినప్పుడు ఏది కావాలో అడుగుతుంది, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే అన్నీ చూడొచ్చు. వాల్‌పేపర్ చూసి మురిసిపోకుండా వైఫై పట్టిందా, బ్రైట్‌నెస్ బటన్లు పనిచేస్తున్నాయా, హెడ్‌ఫోన్ పెడితే సౌండ్ మారుతోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, ఇవి చూడండి. చాలామందికి బెడిసికొట్టేది ఆ మూత దగ్గరే.

విండోస్ కూడా ఉంచుకునే పనైతే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే ఆ పార్టిషన్ లైనక్స్‌లో చదవడానికే తెరుచుకుని రాయనివ్వకపోవచ్చు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, బయోస్‌లో ఏది కదిపినా అడగొచ్చు. ఇటునుంచి అటు మారినప్పుడల్లా గడియారం గంటల తేడా చూపిస్తే కంగారు పడకండి, లైనక్స్ లోపలి గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ లోకల్ టైమ్ అనుకుంటుంది, అంతే.

కొత్తపెంగ్విన్:
ఎన్‌విడియా కార్డ్ ఉన్నవాళ్ళకి ఒక మాట. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో ఆపేది) ఆన్‌లో ఉండగా డ్రైవర్ ఎక్కిస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది. అది ఎర్రర్ కాదు. అందులో ఎన్‌రోల్ మోక్ (Enroll MOK) అన్నది ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి, కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ లోడ్ అవ్వదు.

పాతల్యాప్‌టాప్:
నాకు ఇంటెల్ గ్రాఫిక్సే, బతికిపోయా. తెలుగు టైపింగ్ ఎలా? వర్డ్ ఫైళ్ళ సంగతి?

నీలిటోపీ:
ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ పెడితే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు), ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేది) రెండూ వస్తాయి. లిబ్రే ఆఫీస్‌లో మామూలు వర్డ్ ఫైళ్ళు బానే తెరుచుకుంటాయి, కాకపోతే కాలిబ్రి ఫాంట్ లేకపోవడం వల్ల లైన్లు జరుగుతాయి. కార్లిటో ఫాంట్ పెట్టుకోండి, అక్షరాల వెడల్పు కాలిబ్రికి సరిపోయేలా చేసిందే అది. టేబుళ్ళు ఎక్కువున్న ఫైళ్ళు మాత్రం పంపేముందు పీడీఎఫ్ చేసి పంపండి.

పాతల్యాప్‌టాప్:
మింట్, ఫెడోరా రెండూ లైవ్‌లో చూశా, రెండిట్లోనూ వైఫై, సౌండ్ ఓకే. మింట్ ఎక్కించేశా. వైఫై ప్రింటర్ దానంతటదే కనపడింది, ప్రింట్ కూడా వచ్చింది. స్కానరే కనపడట్లేదు.

నిశ్శబ్దరీడర్:
సేన్-ఎయిర్‌స్కాన్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి, లేకపోతే ఎక్కించి స్కాన్ యాప్ మూసి మళ్ళీ తెరవండి. రాకపోతే మోడల్ చెప్పండి, చూద్దాం.